తోలుదట్టికి చిన్న లూపు

పఠన భాగములు: 2 రాజులు 1:1-8, నిర్గమకాండము 26:1-14, అపొస్తలుల కార్యములు 9:43 నుండి 10:33 వరకు, జెకర్యా 14:20-21



ఈ మాసము మనము పాఠముగా తీసికొనిన వస్తువు మీలో అనేకుల నడుమునకే యున్నది. దట్టి పెట్టుకొని బకిలు బిగించిన తరువాత, మిగిలిన కొన ఊగులాడకుండ దానిని అణచి పట్టుకొను ఒక చిన్న తోలు ఉంగరము గలదు. బజారులో దానిని లూపు అందురు. దట్టి కొనబోయినవారు తోలును వంచి చూతురు, బకిలు ఇత్తడిదా ఇనుపదా అని అడుగుదురు, రంధ్రములు ఎన్నియో లెక్కింతురు. లూపు ఎట్లు కుట్టబడినదని అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు. అయినను దట్టిలో మొదట ఊడునది తరచుగా అదియే. అది ఊడిన దినము మొదలుకొని కొన వ్రేలాడును. మంచి తోలుతో చేసిన దట్టి సహితము పాడుబడినదానివలె కనబడును.

మనుష్యుని నడుమున ఇది అందమునకు సంబంధించిన సంగతి మాత్రమే. గుఱ్ఱము తలమీద అట్లు కాదు. కళ్లెమనగా ఒక్క పట్టీ కాదు గదా. తలపట్టీ, చెంపలకు ఇరువైపుల రెండు పట్టీలు, ముక్కుపట్టీ, గొంతు క్రింది పట్టీ, నోటి ఇనుము, దానికి తగిలించిన పగ్గములు, ఇవన్నియు చేరి కళ్లెమగును. ఇందులో బకిలున్న ప్రతి చోటను సాధారణముగా రెండు లూపులుండును. ఒకటి బకిలునకు ఆనుకొని కదలకుండ కుట్టబడినది. రెండవది పట్టీమీద ముందుకు వెనుకకు జరుగునది. ఒక్క కళ్లెమునకు పదికి పైగా లూపులు పట్టును. కొన్ని కళ్లెములలో పగ్గపు కొన నోటి ఇనుముయొక్క వలయము గుండ దూరి, వెనుకకు మడవబడి, లోపలి వైపున ఒక చిన్న కొక్కెమునకు తగిలింపబడును. ఆ కొన కొక్కెమునుండి జారకుండ ఆపునది లూపే. దాని కుట్టు విడిపోయిన యెడల కొన కొక్కెమును వదలవచ్చును. అప్పుడు పగ్గము రౌతు చేతిలో నుండును గాని గుఱ్ఱము అతని చేతిలో నుండదు.

యాకోబు 3:3లో అపొస్తలుడు గుఱ్ఱపు నోటి కళ్లెమును దృష్టాంతముగా తీసికొనెను. ఆ వచనమును బోధించునప్పుడు మనము ఇనుమును గూర్చియే మాటలాడుదుము. ఇనుమునకును చేతికిని నడుమ తోలున్నది. ఆ తోలును పట్టియుంచుచు దారమున్నది. ఈ నెల మనము ఆ దారమును చూతము.

లేఖనములలో దట్టియు కొలుకులును

అహజ్యా రాజు మేడమీదనుండి పడి రోగియైనప్పుడు దూతలను ఎక్రోనుకు పంపెను. వారు దారిలో ఒకనిని చూచి తిరిగివచ్చిరి. అతడెట్టివాడని రాజు అడిగెను. వారికి పేరు తెలియదు, ఊరు తెలియదు. రోమములను గూర్చియు నడుమునున్న తోలుదట్టిని గూర్చియు చెప్పిరి. అంతటితోనే రాజు ఆనవాలు పట్టెను. ఈ భాగమును చదువునప్పుడు మాకు ఒక సంగతి తోచును: ఏలీయా రాజభవనమున అంత బాగుగా తెలిసినవాడైనను, అతని ముఖమును గూర్చి లేఖనము ఎక్కడను వర్ణింపదు, దట్టిని మాత్రము మరువలేదు. 1 రాజులు 18:46లో అదే ప్రవక్త నడుము బిగించుకొని అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలువరకు పరుగెత్తెను. వెనుక గుఱ్ఱములు, ముందు నడుము కట్టుకొనిన మనుష్యుడు. తరువాత బాప్తిస్మమిచ్చు యోహాను అదే వేషముతో యొర్దాను నొద్ద నిలువబడగా (మత్తయి 3:4, మార్కు 1:6), చూచినవారికి ఎవరు జ్ఞాపకము వచ్చియుందురో చెప్పనక్కరలేదు.

యాజకుని దట్టి బుటాపని గలది (నిర్గమ 28:39). యిర్మీయా కొని నడుమునకు కట్టుకొనినది నార దట్టి. అది బండసందున నుండి చెడిపోయెను (యిర్మీయా 13). తోలుదట్టి వీటివంటిది కాదు. అది అడవిలో తిరుగువాని దట్టి, ఎండకును వానకును ఓర్చునది. అగబు పౌలు దట్టి తీసికొని తన చేతులను కాళ్లను కట్టుకొనినప్పుడు (అపొ. కార్య. 21:11) అది తోలుదో బట్టదో లూకా వ్రాయలేదు గనుక మనము ఊహింపము.

లూపు అను మాటకు మన బైబిలు భాషలో దగ్గరది కొలుకు. నిర్గమకాండము 26వ అధ్యాయమును కొందరు దాటవేసి చదువుదురు, కొలతలు ఎక్కువని. ఈసారి దాటవేయకుడి. సన్న నార తెరలు పది. అయిదేసి చొప్పున రెండు భాగములు. ఒక్కొక్క భాగపు అంచున ఏబది కొలుకులు, వాటిని కలుపుటకు ఏబది బంగారు గుండీలు. వాటిమీద మేకవెండ్రుకల తెరలు పదకొండు, అయిదును ఆరును, వాటికిని ఏబదేసి కొలుకులు, ఏబది ఇత్తడి గుండీలు. ఆ పైన ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు. మొత్తము రెండు వందల కొలుకులు. గుండీలు బంగారువైనను ఇత్తడివైనను పట్టుకొనునది కొలుకునే. కొలుకు లేనిదే తెర తెరగానే యుండును, మందిరము కాదు. దేవుడు కెరూబులను గూర్చి చెప్పిన నోటితోనే కొలుకులను లెక్కపెట్టి చెప్పెను. ఈ పనులన్నిటికి బెసలేలును అహోలీయాబును ఆత్మచేత నేర్పరులుగా చేయబడిరని 31వ అధ్యాయము చెప్పును. కుట్టుపనికి కూడ ఆ వరము చెందును.

తోలును ఎన్నుకొనుట

ఇక పనిలోనికి వత్తము. లూపునకు మొదట కావలసినది తగిన తోలు. అది దట్టి తోలులో సగము మందము గలదై యుండవలెను. దట్టి 4 మిల్లీమీటర్లైన లూపునకు 2 చాలును. పశువు పొట్ట భాగపు తోలు సాగును గనుక పనికిరాదు. వీపు భాగమునుండి కోసినది నిలుచును.

అంతకంటె ముఖ్యమైనది తోలు ఎట్లు పదును చేయబడినదనునది. మన దేశమున పూర్వము తోళ్లను సున్నములో వేసి, వెండ్రుకలు తీసి, తంగేడు చెక్కతోను కరక్కాయతోను లందలో వారములకొలది ఊరవేయుచుండిరి. ఆ తోలు నీటిని త్రాగును. తడిసినప్పుడు వంచిన చోట వంగును. ఆరిన తరువాత ఆ ఆకారమును విడువదు. 19వ శతాబ్దపు కడపటనుండి వ్యాపించిన క్రోము పద్ధతి వేరు. అది ఒకటి రెండు దినములలో ముగియును, తోలు మెత్తగా నుండును, చెప్పుల పై భాగములకు బాగుగా పనికివచ్చును. గాని లూపుగా వంచిన యెడల మరల విప్పుకొని లేచును. రెంటికిని భేదము తెలియవలెనన్న కోసిన అంచును చూడుడి. క్రోము తోలు లోపల తరచుగా నీలము కలిసిన బూడిదరంగు కనబడును. చెక్కతో పదును చేసినది లోపలివరకు గోధుమరంగుగా నుండును. ఒక నీటిబొట్టు గరుకు వైపున వేసినను తెలియును. తంగేడు తోలు దానిని పీల్చుకొని నల్లబడును.

తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పము. బతుకమ్మలో దానిని పేర్చువారిలో ఎందరికి దాని బెరడు లందలోనికి పోయిన సంగతి తెలియునో!

కొలిచి కోయుట

జరుగు లూపు క్రింద దట్టి రెండు పొరలుగా నుండును. దట్టి వెడల్పు 38 మిల్లీమీటర్లు, అనగా అంగుళమున్నర, మందము 4 అనుకొందము. వెడల్పు రెండుసార్లు 76, రెండు పొరల మందము 8, అది ఇరుప్రక్కల 16, వెరసి 92. లూపు తోలు మూలలయందు తిరుగుటకు తన మందమునకు తగినట్లు మరి 6 కావలెను. కాబట్టి 98 మిల్లీమీటర్ల పొడవు, 10 లేక 12 మిల్లీమీటర్ల వెడల్పు గల ముక్కను కోయవలెను. కదలని లూపు క్రింద దట్టి మడతతో కలిపి మూడు పొరలుండును గనుక ఆ లెక్క వేరు. అయినను లెక్కకంటె మేలైనది ఒకటి గలదు. కాగితపు పీలికను ఆ పొరలచుట్టు చుట్టి గుర్తు పెట్టుకొనుడి. ఏ తోలు అచ్చముగా 4 మిల్లీమీటర్లుండదు.

వదులుగా కోయవద్దు. తోలు వాడుకలో కొంత సాగును; మొదట కొంచెము బిగువుగా నున్నదే తరువాత సరిపోవును. దట్టి కొనను నెట్టినప్పుడు లోనికి పోవలెను, వదలినప్పుడు ఉన్నచోటనే నిలువవలెను. ఇంతే పరీక్ష.

రెండు సూదుల కుట్టు

ఈ పాఠమునకు హృదయమువంటి భాగమిది గనుక నెమ్మదిగా చదువుడి.

లూపు రెండు కొనలను ఒకదానిమీద నొకటి వేసి కుట్టిన యెడల అక్కడ బుడిపె లేచి దట్టి కొనకు అడ్డుపడును. అందుచేత మంచి పనివారు రెండు కొనలను ఎదురెదురుగా ఆనించి కుట్టుదురు. ఆరెను గరుకు వైపునుండి ఏటవాలుగా గుచ్చి, తోలు మందములో నడుమకు, అనగా కోసిన అంచుమీదికి వచ్చునట్లు చేయుదురు. అవతలి కొనకును అట్లే. దారము ఒక కొన లోపలనుండి బయలుదేరి, అంచునుండి అంచునకు దాటి, రెండవ కొన లోపలికి పోవును. నునుపు వైపున కుట్టు కనబడనే కనబడదు. 12 మిల్లీమీటర్ల వెడల్పునకు నాలుగు రంధ్రములు చాలును. ఆరె మొన గుండ్రనిది కాక పలకలు గలదై యుండవలెను. అది తోలును చించక చీల్చి దారి చేయును, దారము పోయిన తరువాత చీలిక మూసికొనును. నిర్గమ 21:6లో యజమానుని విడువనొల్లని దాసుని చెవి తలుపునొద్ద గుచ్చబడినది ఇట్టి పనిముట్టుతోనే.

దారము ఒక్కటే, సూదులు రెండు, దారపు రెండు కొనలకు ఒక్కొక్కటి. అవిసె నార దారము పూర్వమునుండి వాడుకలో నున్నది. ఇప్పుడు పాలియెస్టరు దారము కూడ వాడుదురు. కుట్టవలసిన గీతకు నాలుగింతల పొడవును, పట్టుకొనుటకు మరి రెండు జానలును తీసికొని, తేనెమైనపు ముద్దమీద మూడుసార్లు లాగవలెను. మైనము దారమును నీటినుండి కాపాడును. కుట్టు బిగిసినచోట జారనియ్యదు. సూది మొనలు మొద్దుగా నుండవలెను. దారి చేయుట ఆరె పని, సూది ఆ దారిని పోవునది మాత్రమే. మొనగల సూది ముందుగా పోయిన దారమును పొడిచి పాడుచేయును.

మొదటి రంధ్రము గుండ ఒక సూదిని పోనిచ్చి రెండు ప్రక్కల దారమును సమానముగా చేయుడి. రెండవ రంధ్రములో ఎడమ సూదిని కుడికి పంపుడి. పిమ్మట కుడి సూదిని అదే రంధ్రములో ఎడమకు పంపుడి. రెండు చేతులతో ఒక్కసారిగా, సమముగా లాగుడి. ఒక చేయి ఎక్కువ లాగిన కుట్టు వంకరపోవును. ప్రతి రంధ్రములోను ఏ సూది ముందు పోయినదో తరువాతి రంధ్రములోను అదే ముందు పోవలెను. కడపట రెండు రంధ్రములు వెనుకకు కుట్టి, దారమును దగ్గరగా కోసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టిన చాలును. ముడి అక్కరలేదు.

మిషను కుట్టునకును దీనికిని భేదమేమని అడుగుదురు. మిషనులో పై దారము వేరు, క్రింది దారము వేరు; అవి తోలు నడుమ ఒకదానినొకటి కొక్కెమువలె పట్టుకొనును. పైదారము ఒకచోట అరిగి తెగిన యెడల ఆ పట్టు వదలును, ప్రక్క కుట్లును క్రమముగా వదులగును. రెండు సూదుల కుట్టులో ఒకే దారము రెండు ప్రక్కలనుండి ప్రతి రంధ్రము గుండ దాటును. ఒక ప్రక్క తెగినను రెండవ ప్రక్క దారము ఆ రంధ్రముననే నిలిచి పట్టుకొనియుండును. ప్రసంగి 4:12ను ఇక్కడ జ్ఞాపకము చేసికొనువారుందురు. మేము దానికి ఒప్పుకొనము. అది కలిపి పేనిన త్రాడును గూర్చిన మాట. ఈ కుట్టులో బలము పేనుటవలన కాక, ఎదురుగా వచ్చి ఒకే ద్వారమున దాటుటవలన కలుగును. దృష్టాంతము కావలెనన్న మొదట పనిని సరిగా చూచి తరువాత వచనమును వెదకుట మంచిది.

చవక దట్టి లూపు లోపల వ్రేలుపెట్టి తడవి చూడుడి. కుట్టునకు బదులు ఒక ఇనుప పిన్ను తగులును, లేదా జిగురు మాత్రమే యుండును. లూపు చిన్న గొట్టమువంటిది గనుక దాని లోపలికి మిషను తల సుళువుగా దూరదు. చేతితో కుట్టుటకు సమయము పట్టును. పిన్ను కొట్టుటకు రెప్పపాటు చాలును. ఇనుము చెమటకు త్రుప్పుపట్టి తోలును తినివేయును.

పాశ్చాత్య జీనుపనివారు పొడవైన రెండు చెక్కల బిగింపును మోకాళ్ల నడుమ పట్టి, పనిని దానిలో నిలిపి, రెండు చేతులతో కుట్టుదురు. మన ఊళ్లలో చెప్పులు కుట్టువాడు నేలమీద కూర్చుండి పనిని పాదములతో అదిమి పట్టుకొనును. అతని ఆరె మొనయొద్ద చిన్న గాటు గలది. అది తోలు గుండ దిగి క్రింది దారమును పట్టుకొని పైకి తెచ్చును. ఆ గాటుగల ఆరెనే గుజరాతు మోచీలు సన్నము చేసి బట్టమీద అల్లికకు వాడిరి. మన ఆడపడుచులు పెండ్లి రవికెలమీద వేయించుకొను మగ్గము వర్కు సూది ఆ వంశములోనిదే. తోలుపని ముట్టనివారు దాని సూదిని మాత్రము భుజముమీద ధరించుచున్నారు!

ఆకారమిచ్చుట

కుట్టిన లూపును గోరువెచ్చని నీటిలో ఒక నిమిషము ముంచి తీయుడి. దట్టి వెడల్పును రెండు పొరల మందమును గల చెక్కముక్కను ముందే చెక్కి సిద్ధపరచుకొని, దానికి లూపును తొడిగి, మూలలను నున్నని సుత్తితో తట్టి పలకలుగా తీర్చుడి. నీడలో ఒక రాత్రి ఆరనియ్యుడి. ఎండలో గాని పొయ్యి దగ్గర గాని పెట్టిన తోలు బిరుసెక్కి పగులును. ఆరిన తరువాత అంచులను కొంచెము తడిపి నున్నని కఱ్ఱతో రుద్ది, మైనము పూసి, బట్టతో తుడిచిన అంచు అద్దమువలె మెరయును.

ఇంగ్లాండులో వాల్సాల్ అను ఊరు ఈ పనికి చాల కాలమునుండి పేరుపొందినది. అక్కడ తోలుపనికే ఒక మ్యూజియము గలదు. ఆ ఊరి ఫుట్‌బాలు ఆటగాండ్రను జనులు జీనులు కుట్టువారని పిలుతురు. అక్కడ ఆ పేరు బిరుదు. మన దేశములో కాన్పూరు జీనులును కళ్లెములును చేయు పట్టణము. ఆంగ్లేయుల దొరతనమున సైన్యమునకు అక్కడనే చేయించిరి, నేటికిని అక్కడ చేసినవి విదేశములకు ఎగుమతి యగుచున్నవి. మన ప్రాంతములో జట్కాబండ్లు దాదాపు పోయినవి. అయినను హైదరాబాదు మలకపేట పందెముల మైదానములోను, ఆ నగరమందే యున్న జాతీయ పోలీసు అకాడమీలోను, పెండ్లి ఊరేగింపులలోను గుఱ్ఱములున్నవి, వాటికి కళ్లెములున్నవి. బాగుచేయువారు తక్కువ.

మన సంఘములును ఈ పనియును

దీనిని మేము ఎందుకు వ్రాయుచున్నామో మీలో అనేకులు ఈపాటికి గ్రహించియుందురు. మన తెలుగు సంఘములలో అనేకుల పితరులు లందయొద్ద కూర్చుండినవారు. చెప్పులు, ఎద్దుల పట్టెడలు, చర్నాకోలలు, డప్పులు, మోటకు నీరు తోడు తోలు బొక్కెనలును వాటి తొండములును వారి చేతులలోనుండి వచ్చినవి. నీరు కారని కుట్టు ఎంత కఠినమో కుట్టినవారికే తెలియును. కపిల తోలిన బావులక్రింద పండిన వరిలో ఆ కుట్టునకు పాలున్నది. దానికి ప్రతిగా కళ్లమునొద్ద మేర గింజలు ఇచ్చిరి. ఊరు చెప్పులు తొడిగెను, కుట్టినవానిని మాత్రము తాకకపోయెను.

ఒంగోలు ప్రాంతమున 1860లలో సువార్తను చేపట్టి తనవారిలో వ్యాపింపజేసిన యెఱ్ఱగుంట్ల పేరయ్య తోలుపనివారి పేటనుండి వచ్చినవాడే. 1876-78 నాటి గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి ఎక్కువమంది ఆ పేటలవారు. అక్కడ మిషనరీగా నున్న క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వారి పెద్దలు చెప్పిన సంగతులను కూర్చి 1899లో ఆంగ్లమున ఒక పుస్తకము ప్రచురించెను. దాని పేరునకు చెప్పులు కుట్టుచుండగా అని అర్థము.

ఇక్కడ మేము జాగ్రత్తగా మాటలాడవలెను. ఈ పని వారు కోరి ఎన్నుకొనినది కాదు. పుట్టుకచేత వారిమీద మోపబడినది. చచ్చిన పశువును ఈడ్చుకొనిపొమ్మని ఊరు ఆజ్ఞాపించుటలో ఏ ఘనతయు లేదు. రాజ్యాంగపు 17వ అధికరణము 1950లో అంటరానితనమును నిషేధించెను. పిల్లలు చదువుకొని వేరు ఉద్యోగములకు పోయినందుకు మేము దేవుని స్తుతించుచున్నాము. వారు తిరిగి లందకు రావలెనని మేము చెప్పము. గాని బలవంతము వేరు, నేర్పు వేరు. బలవంతమును ద్వేషించుటలో నేర్పును కూడ పారవేసి, తాత చేతి ఆరెను ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు దాచిపెట్టుట మాకు సమ్మతము కాదు. చెన్నైలో 1948లో స్థాపింపబడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థలో పెద్ద చదువులు చదివినవారు శోధించుచున్నది తోలునే గదా.

పేతురు యొప్పేలో చాల దినములు ఎవరి యింట నుండెను? చర్మకారుడైన సీమోను ఇంట. ఆ ఇల్లు సముద్రపు దరినున్నది (10:6). ఎందుకు దరిని? యూదుల ధర్మములను క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చిన మిష్నా అను గ్రంథము, తోళ్లు పదును చేయు చోటు ఊరికి ఏబది మూరల దూరముననే యుండవలెననియు, తూర్పు దిక్కున మాత్రమే యుండవలెననియు విధించుచున్నది. చర్మకారుని భార్య ఆ వాసన ఓర్వలేనని చెప్పి విడుదల కోరవచ్చునని కూడ అందులో నున్నది. ఊరి బయటి పేట మన దేశములోనే పుట్టినది కాదన్నమాట. అట్టి ఇంట అపొస్తలుడు భోజనము చేసి పండుకొనెను. కొర్నేలీయొద్దకు వచ్చిన దేవదూత పేతురు ఎక్కడ దొరకునో చెప్పుచు, ఇంటివాని పేరును వృత్తిని చిరునామాగా చెప్పెను. ఏ జంతువును నిషిద్ధమైనదని చెప్పవద్దను దర్శనము పేతురునకు కలిగినది ఆ ఇంటి మిద్దెమీదనే. క్రింద లంద వాసన యుండియుండును.

జెకర్యా 14:20 మరి ఒక అడుగు ముందుకు పోవును. ప్రధానయాజకుని నొసటనున్న బంగారు రేకుమీద చెక్కబడిన ప్రతిష్ఠిత వాక్యము (నిర్గమ 28:36) ఆ దినమున గుఱ్ఱముల సామగ్రిమీద వ్రాయబడునని ప్రవక్త చెప్పుచున్నాడు. గుఱ్ఱము బలికి తగినది కాదు, నెమరు వేయునది కాదు. దాని తలమీది సామగ్రికి ఆ మాట! ఆ సామగ్రిని కుట్టినవాని చేతిని ఇక ఎవరు అపవిత్రమనగలరు?

పాత లూపును బాగుచేయుట

కడపట ఒక ఉపయోగకరమైన సంగతి. కొత్త లూపు కుట్టుటకు ముందు పాతదానిని బాగుచేసి నేర్చుకొనుట సుళువు. మీ దట్టిలో గాని, ఎద్దు మువ్వల పట్టెడలో గాని, గుఱ్ఱమున్నవారు కళ్లెములో గాని ప్రతి లూపును బొటనవ్రేలితో లోపలనుండి బయటికి నెట్టి చూడుడి. కుట్టు కొంచెము నోరు తెరచిన యెడల దారము కుళ్లినదని తెలిసికొనవచ్చును. పగ్గము నోటి ఇనుమును కలియుచోట మొదట చూడుడి. అక్కడ గుఱ్ఱపు నురుగు తగిలి దారము త్వరగా చెడును.

పాత దారమును చిన్న కత్తి మొనతో తెంచి ముక్కలుగా తీసివేయుడి, లాగవద్దు. పాత రంధ్రములనే వాడుడి. వాటి ప్రక్కను కొత్తవి పొడిచిన యెడల నడుమ మిగిలిన తోలు కాగితమువలె చినుగును. రంధ్రము మూసికొనియున్న ఆరెను మైనమునకు తాకించి మెల్లగా పోనిచ్చి తెరువుడి. కదలని లూపైన యెడల దాని రెండు కొనలు దట్టి మడత పొరల నడుమ దాగియుండును. ఆ కొనలను కత్తితో పలుచగా చెక్కి తిరిగి అదే చోట దూర్చి, మడతను కుట్టు కుట్టులోనే వాటిని కూడ కలుపుకొని పోవలెను. ఇంకను గట్టిగా నున్న పాత కుట్లమీద రెండు రంధ్రములు వెనుకనుండి మొదలుపెట్టి, అవతల మంచి కుట్లమీద రెండు రంధ్రములు దాటి ఆపుడి. ఆముదమును బట్టకు కొద్దిగా అద్ది తోలు గరుకు వైపున పూసి, ఒక పూట ఆరనిచ్చి, తరువాత తొడుగుడి.